పిల్లల మనసు, స్నేహాలు, నడత: ప్రాథమిక పాఠశాల టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాథమిక పాఠశాలలో రెండు దశాబ్దాలు పాఠం చెప్పి, కొన్నేళ్లుగా కొత్త టీచర్ల శిక్షణ తరగతులకు వెళ్తున్నాను. తెలుగు, గణితం గురించిన ప్రశ్నలు భోజన విరామానికి ముందే అయిపోతాయి. ఆ తర్వాత అన్నం తింటూనో, బస్సు కోసం నిలబడో అడిగేవన్నీ ఇవే: ఏడుపు ఆపని పిల్ల, అబద్ధం ఆడే పిల్లవాడు, ఎవరితోనూ కలవని పిల్ల, బెత్తం వదలలేని టీచరు. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను.

వ్యక్తిగత, సాంఘిక, ఉద్వేగ, నైతిక వికాసాలను నాలుగు వేర్వేరు పాఠాలుగా చదివాం. తరగతిలో వాటిని విడదీసి చూడడం ఎలా?

విడదీయలేరు, విడదీయనక్కరలేదు. రెండో తరగతిలో ఇద్దరు ఒక రబ్బరు కోసం గుంజుకుంటున్నారు. "అది నాది" అనడంలో తన గురించిన ఎరుక ఉంది. కోపం, ఏడుపు ఉద్వేగాలు. పక్కవాళ్లు ఎవరి పక్షాన చేరతారన్నది సాంఘికం. అడగకుండా తీసుకోవడం తప్పా, కాదా అన్నది నైతికం. రెండు రూపాయల రబ్బరులో నాలుగు పాఠాలూ ఉన్నాయి. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసం, బోధనా శాస్త్రం (పెడగాజీ) నుంచే వస్తాయి కాబట్టి పరీక్షకు నాలుగు పేర్లూ గుర్తుంచుకోండి. పిల్లలకు గుర్తుండేది మాత్రం ఆ రబ్బరు తగాదాను మీరు ఎలా తీర్చారన్నది.

ఏ వయసు పిల్లల నుంచి ఎంత ఆశించవచ్చు?

ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య పిల్లలు అద్దంలో కనిపిస్తున్నది తామేనని గుర్తుపడతారు. నాలుగేళ్ల దగ్గర ఇంకో పెద్ద మలుపు వస్తుంది. తనకు తెలిసిన సంగతి ఎదుటివాళ్లకు తెలియకపోవచ్చునని అప్పుడు అర్థమవుతుంది. అంగన్‌వాడీలో ఇద్దరు పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకుంటుంటే "వీళ్లకు కలుపుగోలుతనం లేదు" అనకండి. కలిసి ఆడడానికి ముందు మెట్టు అది. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు ఈ మెట్లను 1932లోనే వివరించింది.

బడి వయసుకు వస్తే, ఆరు నుంచి పన్నెండేళ్ల దశకు మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ పెట్టిన పేరు "శ్రమశీలత – న్యూనత". సిద్ధాంతాల్లో నాకు రోజూ పనికొచ్చింది ఇదే. ఈ వయసు పిల్లలను లోపల తొలిచే ప్రశ్న ఒకటే: నాకు ఏదైనా చేతనవుతుందా? చదవడం రాని పిల్లవాడికి బడి రోజుకు ఆరు గంటలపాటు "నీకు చేతకాదు" అనే జవాబే చెబుతుంది. వాడికి చేతనయ్యే పని బడిలో ఒక్కటైనా ఉండాలి. గంట కొట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం, సుద్దముక్కల డబ్బా చూసుకోవడం వంటివి. మన బడుల్లో ఈ పనులు కూడా మొదటి ర్యాంకు వాళ్లకే ఇస్తాం. ఒక నెల తిరగేసి చూడండి. అయితే గంట కొట్టే పని చదువుకు బదులు కాదు. చదవడం నేర్పే బాధ్యత మీదే.

ఒకటో తరగతిలో చేరిన పాప మూడు వారాలుగా ఏడుస్తూనే ఉంది. తల్లిని గేటు దగ్గరే పంపించేయమంటున్నారు. సరైనదేనా?

గేటు దగ్గర పంపించడం తప్పు కాదు. చెప్పకుండా మాయమవడమే తప్పు. "నీళ్లు తాగి వస్తాను" అని తల్లి జారుకుంటే, ఆ పాప రేపటి నుంచి తల్లి కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పోనీ అని అరగంట నిలబడితే అదీ కష్టమే. తల్లి స్పష్టంగా చెప్పాలి: "అన్నం తిన్నాక, చివరి గంట కొట్టాక వస్తాను." మూడు గంటలకు అంటే ఆరేళ్ల పిల్లకు అర్థం కాదు, చివరి గంట అంటే అర్థమవుతుంది. చెప్పిన వేళకు తప్పక రావాలి.

మీ వైపు నుంచి, ఇంటి నుంచి తెచ్చుకున్న చేతిరుమాలో బొమ్మో దగ్గర ఉంచుకోనివ్వండి. రోజూ ఒకే చోట, ఒకే పిల్ల పక్కన కూర్చోబెట్టండి. ఏడుపు ఆపమని అనకండి. "అమ్మ గుర్తొస్తోందా?" అని అడగండి. తనకు కలుగుతున్నదానికి ఒక పేరు దొరకడం చిన్న పిల్లలకు పెద్ద ఊరట. వారాలు గడుస్తున్నా ఏడుపు తగ్గకపోగా తిండి, నిద్ర చెడితే ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడాలి. బడిలో ఎవరైనా భయపెడుతున్నారేమో కూడా చూడాలి. ఒకసారి నేను నెల రోజులు తల్లి మీద బెంగ అనుకున్నది మరుగుదొడ్డి తలుపు గడియ భయమని తేలింది.

పిల్లవాడు ముఖం మీదే అబద్ధం చెప్పాడు. ఇప్పుడే దారికి తేకపోతే పాడైపోడా?

మొదట ఒక ఊరట: అబద్ధం చెప్పగలగడం మానసిక ఎదుగుదలకు గుర్తు. నాకు తెలిసింది టీచరుకు తెలియదు అన్న ఊహ లేకుండా ఎవరూ అబద్ధం ఆడలేరు.

తర్వాత, పిల్లలు తప్పును కొలిచే తీరు మనది కాదు. మనస్తత్వవేత్త జాన్ పియాజె స్విట్జర్లాండ్ పిల్లలకు రెండు చిన్న కథలు చెప్పి అడిగేవాడు. ఒక పిల్లవాడు తలుపు తోశాడు, వెనుక ఉన్న పదిహేను కప్పులు తెలియక పగిలాయి. ఇంకొకడు అమ్మ లేనప్పుడు జామ్ దొంగతనంగా తీసుకోబోయి ఒక కప్పు పగలగొట్టాడు. ఎవరిది పెద్ద తప్పు? చిన్న పిల్లల్లో చాలామంది పదిహేను కప్పులు పగలగొట్టినవాడిదే అన్నారు. ఎదుగుతున్న కొద్దీ ఉద్దేశం వైపు మొగ్గారు. చిన్న వయసులో నియమం అంటే పెద్దలు పెట్టింది, మార్చరానిది. దీన్నే పరాయత్త నైతికత అంటారు. మీ దగ్గర కూడా జరిగేది ఇదే: ఎవరు కావాలని చేశారో చూడకుండా, ఎంత నష్టం జరిగిందో చూసి మనం శిక్ష వేస్తే, పెద్దవాళ్లమై ఉండి ఆరేళ్ల లెక్కే వాళ్లకు మళ్లీ నేర్పుతున్నాం.

ఇక చేయాల్సింది: జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్న అడగకండి. సిరా ఒలికించింది వాడేనని చూశాక "ఎవరు ఒలికించారు?" అనడం వలవేయడమే. "సిరా ఒలికింది, గుడ్డ తెచ్చి తుడుద్దాం రా" అనండి. నిజం చెప్పిన రోజు శిక్ష తగ్గాలి. నిజానికీ అబద్ధానికీ ఒకే దెబ్బ పడే తరగతిలో అబద్ధమే తెలివైన పని.

కొట్టకుండా క్రమశిక్షణ సాధ్యమా? తల్లిదండ్రులే "నాలుగు తగిలించండి టీచర్, మేమేమీ అనుకోము" అంటున్నారు.

ముందు చట్టం. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలకు శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ఉల్లంఘించినవారిపై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య ఉంటుంది. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. తల్లిదండ్రుల అనుమతి దీన్ని మార్చదు. గోడకుర్చీ, గుంజీలు, ఎండలో నిలబెట్టడం "కొట్టడం" కాదు కదా అనేవాళ్లు ఇంకా ఉన్నారు. అవీ శరీరానికి వేసే శిక్షలే. "మొద్దు", "నీ ముఖానికి చదువొకటా" అన్న మాటలు మానసిక వేధింపు కిందికి వస్తాయి.

చట్టాన్ని పక్కన పెట్టినా దెబ్బ చేసే పని ఏమిటో చూడండి. దెబ్బ తిన్న పిల్లవాడి ధ్యాస అంతా తన వీపు మీద ఉంటుంది. తను తోస్తే పడిపోయిన పిల్ల మోకాలు వాడికి కనిపించదు. మార్టిన్ హాఫ్‌మన్ వంటి పరిశోధకులు పట్టుకున్నది ఈ సంగతే: ఎదుటి మనిషికి ఏమైందో చూపించి చెప్పే పద్ధతి పిల్లల్లో సహానుభూతిని పెంచుతుంది, బలప్రయోగం పెంచదు.

అందుకని నేను ఒక వరుస పాటించేదాన్ని. ముందు ఇద్దరినీ దూరం చేయడం. కోపం దిగేదాకా ఏమీ అడగకపోవడం. ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీస్తే చేయి కాలుతుంది. తర్వాత "మోకాలు చూడు, ఎలా ఉంది?" చివరికి "ఇప్పుడు నువ్వు ఏం చేస్తే బాగుంటుంది?" నీళ్లు తేవడం, పుస్తకం సర్దిపెట్టడం, పక్కన కూర్చోవడం, ఏదో ఒకటి వాడే చెప్పాలి. "సారీ చెప్పు" అని మెడ మీద కూర్చుంటే నోటితో అంటాడు, కళ్లతో ఇంకోటి అంటాడు.

దీనికి సమయం పడుతుంది, నిజమే. నలభై మంది ఉన్న గదిలో మరీ కష్టం. అయినా మొదటి రెండు నెలలు ఖర్చుపెట్టిన సమయం మిగతా ఎనిమిది నెలల్లో తిరిగి వస్తుంది.

నేను ఆఫీసు గదికి వెళ్లినప్పుడు లీడరు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాడు. మేమూ అలాగే చదువుకున్నాం. అందులో తప్పేముంది?

మీ చిన్నప్పటి బోర్డును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. లీడరు స్నేహితుడి పేరు దాని మీద ఎప్పుడైనా కనిపించిందా? జామకాయ ముక్క ఇస్తే పేరు చెరిగిపోలేదా? నచ్చనివాడి పేరు పక్కన "చాలా ఎక్కువ" అని గీతలు పడలేదా? ఆ బోర్డు నేర్పిన పాఠాలు మూడు: అధికారం ఉన్నవాడితో మంచిగా ఉండాలి, తోటివాడి మీద చాడీ చెబితే మెప్పు వస్తుంది, టీచరు కంటపడకపోతే తప్పు తప్పే కాదు. ఏ నీతి పీరియడూ వీటిని చెరపలేదు.

నిశ్శబ్దం కావాలంటే పని ఇచ్చి వెళ్లండి. తరగతి పనులను పది, పన్నెండుగా విడగొట్టి వారం వారం అందరికీ తిప్పండి. లీడరు ఉండనే కూడదనడం లేదు. కానీ వాడి పని కాపలా కాకూడదు. నియమాలు పిల్లలతోనే రాయించండి, నాలుగైదుకు మించకుండా. మా మూడో తరగతి వాళ్లు రాసిన మొదటి నియమం "టీచర్ కూడా ఫోను చూడకూడదు". ఒప్పుకోక తప్పలేదు.

బాగా చేసినవాళ్లకు స్టార్లు, చాక్లెట్లు ఇవ్వవచ్చా?

అప్పుడప్పుడు, చెప్పకుండా ఇస్తే నష్టం లేదు. ముందే ఆశపెట్టి ఇవ్వడం దగ్గరే చిక్కు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలు వేయడం ఇష్టమైన చిన్నపిల్లలను తీసుకుని కొందరికి "బొమ్మ వేస్తే బహుమతి పత్రం" అని ముందే చెప్పారు. కొన్ని రోజుల తర్వాత స్వేచ్ఛగా వదిలేస్తే, ఆ పిల్లలే మిగతావాళ్లకన్నా తక్కువగా బొమ్మల జోలికి వెళ్లారు. అంతకుముందు ఆట అయినది ఇప్పుడు కూలి పని అయింది. మొదట్నుంచీ ఇష్టం లేని పనికి చిన్న ప్రోత్సాహం పనిచేయవచ్చు. ఇష్టంగా చేసే పనికి మాత్రం ధర కట్టకండి.

మెచ్చుకోవడంలోనూ తేడా ఉంది. "తెలివైనదానివి" అన్న మాట విన్న పిల్ల ఆ పేరు పోతుందేమోనని కష్టమైన లెక్క ముట్టుకోదు. "మూడు రకాలుగా ప్రయత్నించావు" అన్నది ఇంకో లెక్క వైపు పంపుతుంది.

నీతి కథలు, శతక పద్యాలు, రోజూ చదివే ప్రతిజ్ఞ పిల్లలను మంచివాళ్లను చేస్తాయా?

అవి మాటలు ఇస్తాయి. నడత ఇవ్వవు. 1920ల చివర అమెరికాలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే వేలమంది పిల్లలను పరిశీలించారు. పరీక్షలో కాపీ కొట్టే అవకాశం, డబ్బు దాచుకునే అవకాశం, ఆటలో మోసం చేసే అవకాశం కల్పించి చూశారు. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్ల ఇంకోచోట ఉండకపోవడం, నీతి సూత్రాలు బాగా తెలిసినవాళ్లు కూడా మోసానికి దూరంగా ఉంటారన్న హామీ లేకపోవడం వాళ్లు గమనించారు. పరిస్థితి చాలా శాసిస్తుంది. పరీక్ష గదిలో ఒకరినొకరు ఆనుకుని కూర్చోబెట్టి, మార్కులు తగ్గితే పరువు తీసి, ఆపైన నిజాయితీ గురించి ఉపన్యాసం ఇవ్వడం మన అలవాటు.

ప్రతిజ్ఞ సంగతే చూడండి. దాన్ని 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రాశారు. దేశమంతా వేర్వేరు భాషల్లో ఇప్పుడు పిల్లలు చెబుతున్నది ఆ తెలుగు మాటలనే. ఇంత దగ్గరి వస్తువును అర్థం లేని అరుపుగా మార్చేశాం. వారానికి ఒక్క వాక్యం తీసుకుని అడగండి: "భారతీయులందరూ నా సహోదరులు అని ఉదయం అన్నాం. మధ్యాహ్నం అన్నం దగ్గర ఎవరి పక్కన కూర్చోనన్నాం?" ఆ ప్రశ్నకు వచ్చే మౌనం మంచి పాఠం.

కథ చెప్పినప్పుడు చివరి "కాబట్టి బాలలారా" వాక్యం మానేయండి. కథ ఆపి "కాకి స్థానంలో నువ్వుంటే?" అనండి. అందరూ ఒకే జవాబు చెబితే కథ సరిగ్గా పడలేదని అర్థం.

చిన్నపిల్లలకు తప్పొప్పులు మనం చెబితేనే తెలుస్తాయి కదా?

అంతగా కాదు. ఎలియట్ టురియెల్, లారీ నుచీ వంటివారి పరిశోధనల్లో నర్సరీ వయసు పిల్లలు కూడా రెండు రకాల నియమాల మధ్య తేడా చూపించారు. "టీచరు ఒప్పుకుంటే యూనిఫాం లేకుండా రావచ్చా?" అన్న తరహా ప్రశ్నకు రావచ్చు అంటారు. "టీచరు ఒప్పుకుంటే పక్కవాణ్ణి కొట్టవచ్చా?" అంటే వద్దంటారు, వాడికి నొప్పి పుడుతుంది కాబట్టి.

మనం చేసే పొరపాటు ఈ రెండింటికీ ఒకే గొంతు వాడడం. టై కట్టుకురానందుకు, తోటిపిల్లను గిల్లినందుకు ఒకే కేకలు. అప్పుడు పిల్లలు గిల్లడాన్ని కూడా టై లాంటి బడి నియమంగానే తీసుకుంటారు, బడి బయట వర్తించనిదిగా.

నైతిక ఆలోచన ఎలా ఎదుగుతుందో మనస్తత్వవేత్త కోల్‌బర్గ్ చెప్పిన దశలు కంఠతా వచ్చు. తరగతిలో వాటితో ఏం చేయాలి?

పిల్లలకు ముద్రలు వేయడానికి వాడకండి. మూడు స్థాయులు, ఆరు దశలు, చావుబతుకుల్లో ఉన్న భార్య కోసం మందు దొంగిలించిన హైంజ్ కథ అన్నీ టెట్‌కు సరే. కోల్‌బర్గ్ తొలి అధ్యయనం మగపిల్లల మీదే సాగింది. సంరక్షణ, అనుబంధాల కోణాన్ని ఆయన తక్కువగా చూశాడని కారల్ గిల్లిగన్ 1982లో వాదించింది. గుర్తుంచుకోవాల్సింది ఒకటి: ఆయనకు ముఖ్యం జవాబు కాదు, జవాబుకు చెప్పిన కారణం. కబడ్డీలో తాకినా రిఫరీ చూడలేదు. తాకిందని తనే చెప్పాలా? అడిగి, "ఎందుకు?" అని మూడుసార్లు అడిగి, మీ తీర్పు చెప్పకుండా గంట కొట్టనివ్వండి.

ఒక పిల్ల ఎవరితోనూ మాట్లాడదు. కలుపుగోలుగా మార్చాలా?

ముందు రెండు రకాలు వేరు చేయండి. తనే పక్కన ఉండేవాళ్లు కొందరు, తోటివాళ్లు దూరం పెట్టినవాళ్లు కొందరు. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ న్యూయార్క్‌లో 1956 నుంచి పిల్లలను ఏళ్ల తరబడి గమనించి, పుట్టుకతోనే కొందరు కొత్తవాటికి నెమ్మదిగా అలవాటు పడతారని చూపించారు. అలాంటి పిల్లకు ఒక్క స్నేహితురాలు చాలు. ఆమెను వేదిక ఎక్కించి "మార్చడం" క్రూరత్వం.

దూరం పెట్టబడిన పిల్ల సంగతి వేరు. కాగితం ఇచ్చి "ఎవరి పక్కన కూర్చోవాలని ఉంది? ఇద్దరి పేర్లు రాయండి" అనండి. ఎవరూ ఎంచుకోని పేర్లు బయటపడతాయి. ఇష్టం లేనివాళ్ల పేర్లు మాత్రం రాయించవద్దు, ఆ కాగితాలు ఎవరికీ చూపవద్దు. ఆ తర్వాత ఆ పిల్లను దయగల ఒకరిద్దరితో కలిపి ఒక పని అప్పగించండి. స్నేహం చేయమని ఆజ్ఞాపించలేం, కలిసి చేసే పని ఇవ్వగలం.

కులం పేరుతో, రంగు పేరుతో ఎగతాళి చేసుకుంటున్నారు. చిన్నపిల్లలే కదా అని వదిలేయాలా?

వదలవద్దు. ఆ మాట మొదట ఎక్కడ విన్నారో కూడా చూసుకోండి. స్కాలర్‌షిప్ వివరాల కోసం "ఫలానావాళ్లంతా లేచి నిలబడండి" అని మనమే అంటాం. ఆ క్షణం దాకా తెలియనివాళ్లకు కూడా ఎవరెవరో తెలిసిపోతుంది. ఆ వివరాలు రిజిస్టరులో ఉంటాయి, లేకపోతే తల్లిదండ్రులను విడిగా అడగాలి. మధ్యాహ్న భోజనం వరుసలు ఎలా ఏర్పడుతున్నాయో ఒక వారం గమనించి, కలిపి కూర్చోబెట్టండి. ఎగతాళి చేసినప్పుడు అక్కడికక్కడే, గొంతు పెంచకుండా, "ఈ గదిలో ఆ మాట వాడం" అనండి. అవమానపడిన పిల్లను తర్వాత విడిగా పలకరించండి. నలుగురిలో ఓదార్చితే అది రెండో అవమానం అవుతుంది.

మగపిల్లలు ఏడిస్తే "ఆడపిల్లలా ఏడుస్తావేం" అనేస్తాం. అంత పెద్ద తప్పా?

ఒక్క వాక్యంతో ఇద్దరినీ కించపరుస్తున్నారు. మానేయండి.

మాది ఏకోపాధ్యాయ పాఠశాల. అయిదు తరగతులు ఒకే గదిలో. ఇవన్నీ ఎలా కుదురుతాయి?

చదువు చెప్పడం కష్టం, సందేహం లేదు. సాంఘిక వికాసానికి మాత్రం మీ గది మంచి చోటు. అయిదో తరగతి పిల్ల ఒకటో తరగతి పిల్లవాడికి చెప్పుల పట్టీ పెట్టడం పట్నంలో పెద్ద బడుల్లో కనిపించదు. పెద్దవాళ్లకు చిన్నవాళ్లను జతగా అప్పగించండి. పెత్తనం చేస్తున్నారేమో మాత్రం ఒక కన్ను వేయండి.

ఒక పాప ఒంటి మీద గాయాలు ఉన్నాయి. లేదా ఎవరో తాకరాని చోట తాకారని చెప్పింది. ఏం చేయాలి?

నమ్మండి. "నువ్వు చెప్పడం మంచిదైంది, ఇందులో నీ తప్పు లేదు" అనండి. గుచ్చి గుచ్చి అడగకండి, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. లైంగిక నేరమన్న అనుమానం ఉంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం ఎవరికైనా తప్పనిసరి. తెలిసి చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద శిక్షార్హం. ప్రధానోపాధ్యాయుడు "ఊళ్లో పరువు" అంటే మీ బాధ్యత తీరిపోదు. పిల్లల సహాయవాణి 1098కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. పాప పేరు స్టాఫ్ రూంలో కూడా వినపడకూడదు.

ఇవన్నీ ఎలా నమోదు చేయాలి? "సహకారం: బి గ్రేడు" అని రాస్తే సరిపోతుందా?

ఆ బి గ్రేడు ఎవరికీ ఏమీ చెప్పదు. ఒక నోటుపుస్తకంలో పిల్లకో పేజీ. నెలకు రెండు వాక్యాలు, చూసింది మాత్రమే: "ఓడిపోయాక బ్యాటు విసరలేదు, పక్కకు వెళ్లి కూర్చున్నాడు." "మొండివాడు" అని రాస్తే అది మీ గురించి.

అంతా బాగానే ఉంది, నాకే కోపం వస్తే?

వస్తుంది. వచ్చినప్పుడు "నాకు కోపంగా ఉంది, నీళ్లు తాగి వస్తాను" అని పైకే చెప్పి అలాగే చేయండి. పిల్లలు కోపాన్ని ఎలా పట్టుకోవాలో ఎక్కువగా చూసి నేర్చుకుంటారు. చాలా రోజులు నిద్ర పట్టక, చిరాకు తగ్గకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు (14416) ఫోను చేయడంలో నామోషీ లేదు.

తప్పు చేసినప్పుడు ఒప్పుకోండి. ఒకసారి బల్ల మీద పెట్టిన యాభై రూపాయలు కనిపించక, అందరి ముందూ ఒక పిల్లవాణ్ణి అనుమానంగా అడిగాను. సాయంత్రం ఆ నోటు నా హాజరు పట్టీలోనే దొరికింది. మర్నాడు అందరి ముందే వాడికి క్షమాపణ చెప్పాను. వాడు ఏమీ అనలేదు, తల దించుకుని చొక్కా అంచు నలుపుతూ నిలబడ్డాడు. ఆ వారమంతా మా మూడో తరగతిలో క్షమాపణలు ఒక ఆట అయిపోయాయి. కాలు తగిలినా "క్షమించు", తగలకపోయినా "క్షమించు".